మెట్టెక్కని వాళ్ల లెక్క

టిక్కక్కకి ఆ పేరు పెట్టింది వీధిలో పిల్లలు. పెట్టరా మరి? ఆవిడ చేసే పని అలాంటిది. బస్సుస్టాపులో మడతకుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి బస్సుకీ ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని లెక్కపెట్టి కాగితం మీద రాయడం. కుడి గుప్పిట్లో ఒక కౌంటర్, ఎడమ గుప్పిట్లో ఒకటి. బొటనవేలితో మీట నొక్కితే టిక్కుమని ఒక అంకె ముందుకి జరుగుతుంది. కుడిచెయ్యి ఎక్కేవాళ్లకి, ఎడమచెయ్యి దిగేవాళ్లకి. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు, వేసుకోనివ్వండి. ఏ రోడ్డుకి ఎన్ని బస్సులు తిప్పాలి, ఏ వేళకి తిప్పాలి అని పైన ఆఫీసులో మ్యాపులు పరుచుకుని తేల్చే పెద్దలంతా చివరికి చూసేది ఈవిడ రాసిన కాగితమే. ఆ సంగతి వాళ్లకి గుర్తుంటుందో లేదో గానీ, ఆవిడకి బాగా గుర్తుండేది.

పనిలో ఆవిడది ఒకటే సూత్రం. మెట్టు మీద కాలు పడితేనే మనిషి. ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చి, తలుపు మూసుకుపోతే వెనక్కి తగ్గినవాడు మనిషి కాదు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఈ బస్సు స్టేషనుకి పోతుందా అని అడిగి, పోదంటే దిగిపోయినవాడు మాత్రం కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. చంకలో పిల్ల లెక్కలోకి రాదు, చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల వస్తుంది. కుర్చీ స్తంభం పక్కనుంచి కదలకూడదు. ఎవరితోనూ మాట కలపకూడదు, కలిపితే లెక్క తప్పుతుంది. వీటిలో ఆఫీసువాళ్లు పెట్టినవి కొన్ని, ఆవిడ పెట్టుకున్నవి కొన్ని. ఏది ఎవరిదో ఆవిడకే గుర్తులేదు. ఒకసారి కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన అనుమానపడి, చాటుగా ఇంకో మనిషిని కూర్చోబెట్టి లెక్కపెట్టించాడు. సాయంత్రానికి ఇద్దరి లెక్కలకీ ఒకటి తేడా వచ్చింది. అవతలివాడు తుమ్మినప్పుడు ఆ ఒకటి పోయిందని తేలాక, ఆయన మళ్లీ ఈవిడ జోలికి రాలేదు.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేది. ఏ పెళ్లికి వెళ్లినా గుమ్మంవైపు మొహం పెట్టి కూర్చుంటుంది, బొటనవేలు దానంతటదే ఆడుతూ ఉంటుంది. ఇంటికొచ్చాక, భోజనాలకి మూడొందల పన్నెండుమంది వచ్చారండీ, అందులో ఏడుగురు రెండుసార్లు తిన్నారు అని చెబితే భర్త తల పట్టుకునేవాడు. ఆయన దర్జీ. ఇంట్లోనే ముందుగదిలో మిషను. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి నెమ్మదస్థుడని పేరు తెచ్చుకున్నాడు.

ఇంట్లో మూడో మనిషి ఆయన అక్క, అంటే టిక్కక్కకి పెద్దాడపడుచు. వదినా అని పిలుస్తుంది. ముప్పయ్యేళ్లు నిండకుండానే భర్త పోతే, ఆవిడ ఒక ఇనప్పెట్టెతో తమ్ముడింటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, ఉండటానికొచ్చానురా, కూర్చుని తినడానికి కాదు అని చెప్పి, వారం తిరక్కుండా పెద్దాసుపత్రి లాండ్రీలో పనికి కుదురుకుంది. అప్పట్నించీ ఇరవై ఎనిమిదేళ్లు దుప్పట్లు ఉతికింది. సెలవురోజైనా సరే, ఆవిడ పొద్దెక్కేదాకా పడుకోగా చూసినవాళ్లు లేరు. కూర్చోమంటే ఏదో తిట్టినట్టు మొహం పెట్టేది. వదినా మరదళ్లకి క్షణం పడదు, ఒకళ్లు కనపడకపోతే రెండోవాళ్లకి క్షణం తోచదు. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట ముప్పయ్యేళ్ల కిందటి సంగతులదాకా పాకేది. మధ్యలో దర్జీగారు మిషను గట్టిగా తొక్కేవాడు, వినపడకుండా.

అలాంటి రోజుల్లో ఊరు ఒకనాడు ఉన్నపళంగా ఆగిపోయింది. రోగం వచ్చిపడింది, ఎవరూ గడప దాటొద్దన్నారు, బస్సులన్నిటినీ డిపోలో వరసగా నిలబెట్టేశారు. ఆఫీసువాళ్లు టిక్కక్కకి ఫోను చేసి, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేనప్పుడు మీరొచ్చి ఏం చేస్తారమ్మా, ఇంట్లో ఉండండి అన్నారు. ఉండటం ఎవరికి చేతనవును? మొదటివారం అల్మారాలన్నీ సర్దింది. రెండోవారం సర్దినవే మళ్లీ సర్దింది. మూడోవారానికి వంటింటికీ ముందుగదికీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. చివరికి కౌంటర్లు రెండూ చేతబట్టుకుని మూడో అంతస్తు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. ఆరునుంచి ఏడుదాకా పాలవ్యాను ఒకటి, పోలీసు జీపులు రెండు, కుంటికుక్క ఒకటే మూడుసార్లు. కుక్కని ఒకటని రాయాలా మూడని రాయాలా అని ఆవిడ నిజంగానే మథనపడుతూ ఉంటే, భర్త గుండుసూదులు బయటికి తీసి మరీ నవ్వాడు.

ఆ రోజుల్లో ఇంట్లోంచి కాలు బయటపెట్టింది వదినొక్కర్తే. ఆసుపత్రికి అప్పుడే కదా చేతినిండా పని. దుప్పట్లు, గౌన్లు, తెరలు మూటలు మూటలుగా వచ్చిపడేవి. తెల్లారుతూనే ఆసుపత్రి వ్యాను గుట్ట మీదికి వచ్చి పనివాళ్లని ఎక్కించుకుని కిందికి తీసుకుపోయేది. వీళ్లుండేది ఆ గుట్ట మీద కాలనీలోనే, ఆసుపత్రి ఏడు కిలోమీటర్ల కింద. సాయంత్రం తిరిగొచ్చి, స్నానం చేసి, తన కంచం తన గ్లాసు వేరుగా పెట్టుకుని, నా జోలికి రాకండి, నేను విషప్పురుగుని అని నవ్వుతూ ముందుగదిలో మిషను పక్కన పడుకునేది. వేళ్లు మందునీళ్లకి తెల్లగా నాని, చివర్లు చిట్లిపోయి ఉండేవి. కంచంలో కూర వేసేటప్పుడు ఆ వేళ్లు చూసి టిక్కక్క దెబ్బలాడటం మానేసింది. దెబ్బలాట లేకపోయేసరికి ఇల్లు మరీ బిక్కుబిక్కుమంది.

రెండున్నర నెలలకి బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. ఆసుపత్రి వాళ్లు, ఇంక బస్సులున్నాయి కదా అని వ్యాను ఆపేశారు. గుట్ట మీంచి కిందికి పోయేది పద్నాలుగో నంబరు. కానీ అది పాత పద్నాలుగు కాదు. సీటు విడిచి సీటుకి ఎర్రటేపుతో అడ్డగీతలు అంటించారు. నిలబడి ప్రయాణం చెయ్యడానికి లేదు. ఇరవైమంది ఎక్కితే బస్సు నిండిపోయినట్టే, డ్రైవరు తర్వాత ఏ స్టాపులోనూ ఆపక్కర్లేదు. వదిన గుట్ట మీద మొదటి స్టాపులోనే ఎక్కుతుంది కాబట్టి, ఐదూ నలభైకల్లా వెళ్లి నిలబడి కిటికీ పక్క సీటు సంపాదించుకునేది.

బస్సులు తక్కువ, డ్రైవర్లు తక్కువ. ఏ రూటు ఉంచాలో ఏది ఆపాలో తేల్చాలని ఆఫీసులో సర్వే సారు టిక్కక్కని మళ్లీ పిలిపించాడు. ఆవిడ సంబరం చూడాలి. పొద్దున్నే మాస్కు కట్టుకుని, కుర్చీ చంకన పెట్టుకుని, పద్నాలుగో నంబరు రూటులో ఎప్పుడూ కూర్చునే నీళ్లట్యాంకు స్టాపుకి వెళ్లింది. అది గుట్ట దిగేదారిలో సగంలో ఉంటుంది. ఏ రూటుకి ఏ స్టాపులో లెక్కపెట్టాలో ఎప్పట్నించో ఉన్న పద్ధతే, పాత ఏళ్లతో పోల్చడానికి. మూడురోజులు, ఆరునుంచి తొమ్మిదిదాకా.

ఇక్కడే ఉంది సంగతంతా. పద్నాలుగు వచ్చేది. పైనుంచే ఇరవైమందితో నిండి వచ్చేది. డ్రైవరు అద్దంలోంచి చెయ్యి అడ్డంగా ఊపి, ఆపకుండా వెళ్లిపోయేవాడు. స్టాపులో నేలమీద పసుపురంగుతో గుండ్రాలు గీశారు, ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్కరు, దాదాపు నలభైమంది. బస్సు పోగానే ఏదో గొణుక్కునేవాళ్లు, కాసేపు నిలబడేవాళ్లు, రెండో బస్సు కూడా పోయాక ఒక్కొక్కళ్లే నడుచుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. టిక్కక్క కళ్లు మెట్టుమీదే. మెట్టుమీద కాలు పడలేదు. ఎక్కినవాళ్లు సున్నా, అని రాసింది. ఎప్పుడో ఒక బస్సులో ఇద్దరికో ముగ్గురికో చోటుంటే ఆగేది, ఇద్దరు, ముగ్గురు అని రాసింది. కిందటేడు అదే స్టాపులో అదే వేళకి రెండొందల పన్నెండు. ఈ ఏడు రోజుకి పదకొండు. పైసా తేడా లేని లెక్క. సంతకం పెట్టి ఇచ్చి, చాన్నాళ్లకి కడుపునిండా భోంచేసి పడుకుంది.

పది రోజులకి గుట్ట మీద స్టాపులో కాగితం అంటించారు. ప్రయాణికుల ఆదరణ లేనందున పద్నాలుగో నంబరు సోమవారం నుంచి నిలిపివేయడమైనది. ఆ సాయంత్రం వదిన వచ్చి చెప్పులు విడుస్తూనే అందుకుంది. ఆదరణ లేదుట, సీటు కోసం మేం తెల్లారకుండా పోయి పడిగాపులు పడుతుంటే ఆదరణ లేదుట. తర్వాత అన్నం ముందు కూర్చుని, కోపం కాస్త దిగాక, మరదలు లెక్కపెట్టింది ఏ రూటో తెలియక, తనలో తను అనుకున్నట్టు అంది. "ఎవడో కుర్చీలో కూర్చున్నవాడే చేసుంటాడు ఈ పని. నాలుగడుగులు నడిచేవాడెవడూ చెయ్యడు."

కుర్చీ అన్న మాట టిక్కక్కకి తగిలింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పటిదాకా తట్టనేలేదు, నిజం. ఆ పసుపు గుండ్రాలూ, వాటిలో నిలబడ్డ నలభైమందీ, ఒకావిడ చేతిసంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకోవడం, అన్నీ కళ్లకి కట్టినట్టు అప్పుడు కనిపించాయి. మూడురోజులు కళ్లెదుట నిలబడ్డవాళ్లు పదిరోజుల తర్వాత కంచం ముందు కనిపించారు. ఏమే, ముద్ద దిగట్లేదా, ఉప్పు సరిపోయిందా అంది వదిన. సరిపోయింది వదినా అని లేచి చెయ్యి కడిగేసుకుంది.

ఆ రోజునుంచి టిక్కక్కకి మనసు మనసులో లేదు. తోమిన గిన్నె మళ్లీ తోమేది. పాలు పొంగిపోతుంటే పొయ్యి పక్కనే నిలబడి చూసేది. వదిన మాత్రం తిట్టడం ఆపి నడవడం మొదలుపెట్టింది. నాలుగున్నరకే లేచి బయల్దేరేది. రెండురోజులు ఆటో చూసింది. ఆటోవాడు ఎక్కడికమ్మా అన్నాడు, ఆసుపత్రి లాండ్రీకి అంది, దిగమ్మా అన్నాడు. రెండోరోజు వాడైతే ఆవిడ దిగాక సీటంతా మందు కొట్టి తుడిచాడట. దర్జీగారు తన సైకిలు ఇస్తానన్నాడు. అప్పటికి ఊరంతా సైకిళ్ల మీద పడింది, దుకాణాల్లో సైకిళ్లు దొరకడంలేదు, గళ్లచొక్కా ఆఫీసర్లు కూడా హెల్మెట్లు పెట్టుకుని తొక్కుతున్నారు. నేనేం తక్కువ అని వదిన కిందింటి వాకిట్లో సైకిలెక్కింది. పది గజాలు రాణిలా వెళ్లింది. పదకొండో గజంలో నీళ్లడ్రమ్ముని కౌగిలించుకుంది. వాకిట్లో వాళ్లంతా విరగబడి నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆ రాత్రికి మోకాలు కుండలా వాచింది.

వాచిన మోకాలితో ఏడు కిలోమీటర్లు. పొద్దున దిగుడు, సాయంత్రం ఎక్కుడు. రెండుసార్లు ఆలస్యమైంది. లాండ్రీ సూపర్‌వైజరు, మూడోసారి అయితే ఇంక రావద్దు, బయట ఈ పనికి పదిమంది నిలబడి ఉన్నారు అని చెప్పాడట. వదిన అది నవ్వుతూనే చెప్పింది గానీ, చెప్పేటప్పుడు మోకాలు రుద్దుకుంటూ కిటికీవైపు చూసింది. పని పోతే ఆవిడ ఇంట్లో కూర్చోవాలి. ఆవిడ ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో టిక్కక్కకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే తనూ రెండున్నర నెలలు కూర్చుంది.

మర్నాడే వెళ్లి సర్వే సారు ముందు నిలబడింది. నా లెక్క తప్పండీ అంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. నిలబడ్డవాళ్లు నలభైమంది ఉన్నారు, బస్సు ఆపలేదు కాబట్టి ఎక్కలేదు, రాయడానికి గడి లేదు కాబట్టి నేను రాయలేదు అని చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు. మాస్కు ముక్కు కిందికి జారిపోయి, కళ్లకింద నల్లచారలతో, బల్లనిండా అర్జీలతో ఉన్నాడు. కాగితం తీసి చూశాడు. "అంకెలు మీవే, సంతకం మీదే. మీరే తప్పంటే నేను పైవాళ్లకి ఏం చెప్పనమ్మా?" అన్నాడు. తర్వాత ఆవిడ మొహం చూసి, సరే, ఒక్క పొద్దు మళ్లీ కూర్చోండి, బస్సు లేదు కాబట్టి స్టాపుకొచ్చి నిలబడేవాళ్లని రాయండి, అరవైమంది తేలితే ఒక బస్సు వేసి చూడమని నేను అడుగుతాను అన్నాడు. గురువారం అనుకున్నారు.

ఆ సంగతి భర్తకి చెప్పింది, వదినకి చెప్పలేదు. చెబితే మొదటి లెక్క సంగతీ చెప్పాలి. దర్జీగారు గుండుసూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో పడేసి, "గుట్ట మీద నాలుగిళ్లకి చెప్తే అరవైమంది వచ్చి నిలబడరా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుందండీ" అంది.

అనడమైతే అంది గానీ, ఆ సాయంత్రం రెండుసార్లు మెట్లు దిగింది. కిందింటివాళ్ల తలుపు ముందు నిలబడి తట్టడానికి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించి మళ్లీ పైకొచ్చింది. అక్కరున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు, నేను పిలవడమేమిటి అనుకుంది. స్టాపు ఉంటే మనుషులుంటారు. ఆవిడకి తెలిసిన లోకం అది.

గురువారం ఆరింటికి నీళ్లట్యాంకు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆరుంపావు అయింది. ఎవరూ రాలేదు. ఆరున్నర అయింది. ఒక ముసలాయన వచ్చి, బస్సుందా అమ్మా అని అడిగాడు. మాట్లాడకూడదు కాబట్టి ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన పోయాడు. ఇంకో ఇద్దరు స్తంభానికి ఆనుకుని ఫోను చూసుకుని పోయారు. మూడు. పసుపు గుండ్రాలు వానకి సగం చెరిగిపోయి ఖాళీగా ఉన్నాయి. అప్పుడు బుర్రకెక్కింది. రాని బస్సు కోసం ఏ తెలివైనవాడు వచ్చి నిలబడతాడు? చచ్చానురా భగవంతుడా, మళ్లీ అదే తప్పు చేశాను అనుకుంది.

జనం లేక కాదు. జనం రోడ్డుమీద ఉన్నారు. కుర్చీకి ఇరవై గజాల దూరంలో, రోడ్డంచున, ఒకళ్ల వెనక ఒకళ్లు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, వాచ్‌మన్లు, క్యారేజీలు పట్టుకున్న మిల్లు ఆడవాళ్లు, చెప్పులు చేతబట్టుకుని వట్టికాళ్లతో నడుస్తున్న ఒకావిడ. సైకిలు మీద ముగ్గురు. ఇటుకల లారీలో ఇటుకల మీద ఎనిమిదిమంది. వాళ్లెవరూ స్టాపు వైపు తలతిప్పి కూడా చూడట్లేదు. టిక్కక్క బొటనవేలు కౌంటరు మీదే ఉంది. స్టాపులో నిలబడనివాణ్ణి రాయకూడదు. ఇంకో రెండు గంటలు ఇలాగే కూర్చుంటే కాగితం మీద పదో పన్నెండో ఉంటుంది, సంతకం పెట్టి ఇవ్వాలి, పద్నాలుగో నంబరుకి నూకలు చెల్లిపోతాయి. ఈసారి తెలిసి చేసినట్టవుతుంది.

లేచింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి కుర్చీ అక్కడే వదిలేసి రోడ్డుమీదికొచ్చింది. మొదట ఎదురైన వాచ్‌మన్ పక్కన తనూ నడుస్తూ, పద్నాలుగో నంబరు వేస్తే ఎక్కుతారా అని అడిగింది. అతను ఎగాదిగా చూసి, ఎక్కకేం అన్నాడు. కుడిచేతిలో టిక్కుమంది. వెనకావిడ, బస్సు వేస్తావా తల్లీ అని చేతులు పట్టుకోబోయింది. నేను వేసేదాన్ని కాదమ్మా, లెక్కపెట్టేదాన్ని అంటే, లెక్కపెట్టి ఏం చేస్తారు, మా కాళ్లు పట్టుకు నొక్కుతారా అని కసిరింది. ఎక్కుతారా ఎక్కరా చెప్పండి అని టిక్కక్క వెంటపడింది. ఎక్కుతాను పో అంది. టిక్కు.

అందరూ ఎక్కుతామనలేదు. భార్యని వెనకాల కూర్చోబెట్టుకుని సైకిలు తొక్కుతున్నతను, సైకిలు కొన్నాను, ఇంక బస్సు మొహం చూడను అన్నాడు. ఒకమ్మాయి దగ్గరికి రావద్దని రెండుచేతులూ అడ్డంపెట్టి, మా నాన్న బస్సులో వెళ్లబట్టే రోగం తెచ్చుకున్నాడు, నేను నడిచే పోతాను అంది. ఆ 'ఎక్కను'లని ఏం చెయ్యాలి? వదిలెయ్యడానికి చేతులు రాలేదు. ఎడమ కౌంటరు ఎలాగూ ఖాళీగానే ఉంది. ఎక్కుతానన్నవాళ్లు కుడిచేతికి, ఎక్కనన్నవాళ్లు ఎడమచేతికి. గుట్ట దిగేవాళ్లు ఆగరు కాబట్టి, ఒకరితో పాటు పది గజాలు కిందికి నడవడం, మళ్లీ పైకి ఎక్కడం, ఇంకొకరితో దిగడం. మాస్కు తడిసి ముక్కుకి అతుక్కుపోయింది. అరవై ఎప్పుడో దాటింది. అయినా ఆగలేదు, అడగని మనిషి ఒక్కడు దాటిపోయినా ప్రాణం ఒప్పుకోదు కదా ఆవిడకి. వెతుక్కుంటూ వెతుక్కుంటూ గుట్టవైపు మలుపు దాకా వెళ్లిపోయింది.

మలుపులో పిట్టగోడ మీద వదిన కూర్చుని ఉంది. పక్కన క్యారేజీ. ఒక చెప్పు కింద పడి ఉంది. వాచిన కాలు చాపుకుని, రెండుచేతులతో మోకాలు పట్టుకుని రోడ్డువైపు చూస్తోంది. అప్పటికి ఏడుంపావు. ఆరింటికి లాండ్రీలో ఉండాల్సిన మనిషి.

టిక్కక్క ఉన్నచోటే ఆగిపోయింది. వదినే ముందు మాట్లాడింది. కుర్చీ ఏదే, రోడ్డుమీద పడ్డావేం అని అడిగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ మోకాలు ఎదురుగా ఉంది.

"పద్నాలుగు ఆపించింది నేనే వదినా. నా లెక్క చూసే ఆపేశారు" అంది. అని మిగిలిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది, నీళ్లట్యాంకు, పసుపు గుండ్రాలు, సున్నాలు, సంతకం, ఈ పొద్దు లెక్క దాకా. రోడ్డుమీద మనుషులు వాళ్లిద్దర్నీ దాటుకుని పోతున్నారు.

వదిన అరుస్తుందనుకుంది. అరవలేదు. మరదలి మొహంకేసి చూసి, "అంతమంది నిలబడ్డారు కదే. కనపడలేదూ నీకు?" అంది.

"కనపడ్డారు. రాయలేదు."

వదిన వంగి చెప్పు అందుకోబోయింది, అందలేదు. టిక్కక్క కూర్చుని ఆ చెప్పు ఆవిడ కాలికి తొడిగింది. లే వదినా, లారీ ఏదైనా ఆపుతాను, ఇప్పుడు వెళ్లినా గంటన్నరే ఆలస్యం, సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడదాం అంది. వదిన నవ్వింది. మూడో ఆలస్యం మొన్ననే అయిపోయిందిట. నిన్న వెళితే గేటు దగ్గరే కార్డు తీసేసుకున్నారుట. ఇంట్లో చెప్పబుద్ధి కాలేదు. ఈ పొద్దు కూడా ఎప్పటిలాగే క్యారేజీ కట్టుకుని బయల్దేరి, గుట్ట మీదే అక్కడా ఇక్కడా కూర్చుని, ఇందాకే ఇక్కడిదాకా దిగింది.

"మరెక్కడికి వెళ్తున్నావు?"

"ఎక్కడికీ లేదు. పొద్దున్నే లేచి ఆ ఇంట్లో ఎలా కూర్చోవాలో నాకు తెలీదే" అంది. అప్పుడు మాత్రం కళ్లు నిండిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ కళ్లలో నీళ్లు టిక్కక్క చూడలేదు. చూసి తట్టుకోలేక మొహం తిప్పుకుంది.

వదిన కళ్లు తుడుచుకుని, నన్ను అడగవా అంది. ఏమిటి అడిగేది అంది టిక్కక్క. అందర్నీ అడుగుతున్నావు కదా, నేనూ ఈ రోడ్డు మీదే ఉన్నాను, నన్నూ అడుగు అంది. వద్దు వదినా అంటే వినలేదు. అడగవే అని మోచెయ్యి పట్టుకుంది.

"పద్నాలుగో నంబరు వేస్తే... ఎక్కుతావా?"

"ఎక్కను. ఎక్కడికి పోవడానికి ఎక్కాలి?" అంది వదిన. తర్వాత ఆవిడ రెండు చేతులవైపూ చూస్తూ ఎదురుచూసింది.

ఆ వేలు ఎటు పడినా అడిగేవాళ్లు లేరు. కుడిచేతిలో ఒకటి ఎక్కువైతే ఎవరి సొమ్మూ పోదు. టిక్కక్క ఎడమచేతి బొటనవేలు నొక్కింది. టిక్కుమంది. వదిన తల ఊపి, ఆ భుజం ఇటియ్యి, ఇంటికి పోదాం అని లేవడానికి చెయ్యి చాపింది. తొమ్మిదిదాకా ఉండాలి కదే నీకు అని మళ్లీ తనే అంది. టిక్కక్క ఆవిణ్ణి భుజానికి ఆనించుకుని, ఎదురొచ్చేవాళ్లని అడుగుతూనే, గుట్ట ఎక్కించింది. ఇంట్లో దించి, పరిగెత్తుకుంటూ మళ్లీ కిందికి వచ్చి తొమ్మిదిదాకా అడిగింది.

కుడిచెయ్యి నూట అరవై ఏడు. ఎడమచెయ్యి నలభై ఒకటి. స్టాపులో నిలబడ్డవాళ్లు మూడు అని గడిలో రాసి, మిగిలింది కాగితం వెనకవైపు రాసింది, ఎలా అడిగిందో, ఎక్కడ అడిగిందో, కుర్చీ ఎప్పుడు వదిలేసిందో అంతా. సర్వే సారు ముందువైపు చూసి నిట్టూర్చాడు. వెనకవైపు తిప్పి, చదివి, ఇలా రాయడానికి పద్ధతి లేదమ్మా అన్నాడు. లేదండీ అంది. అయినా ఆ కాగితాన్నే పైకి పంపాడు. మూడువారాలకి పద్నాలుగో నంబరు వచ్చింది, పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఒకటి గుట్ట మీంచి, ఒకటి నీళ్లట్యాంకు దగ్గర్నుంచే ఖాళీగా బయల్దేరేలా. ఆసుపత్రిలో మాత్రం వదిన చోట్లో అప్పటికే ఇంకెవరో చేరిపోయారు. టిక్కక్క వెళ్లి అడిగి వచ్చింది, రెండుసార్లు.

బస్సు వచ్చిన మొదటి పొద్దు వదిన ఐదింటికే లేచింది. స్నానం చేసి, తల దువ్వుకుని, వంటింట్లోకి వచ్చి, చెయ్యడానికి ఏమీ లేక కడిగిన గిన్నెలు మళ్లీ కడగడానికి కూర్చుంది. ఐదూ నలభైకి మలుపు దగ్గర హారన్ వినపడింది. వదిన కుళాయి పూర్తిగా తిప్పేసింది. నీళ్లు గిన్నె దాటి, గట్టు దాటి కిందికి కారాయి. టిక్కక్క గుమ్మంలో నిలబడి ఉంది. కట్టెయ్యి వదినా అని అనలేదు.